ఫిన్లాండు గొంతులో నా తిట్లు

మధ్యాహ్నం పూట వరండాలో కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తున్నాను. మేడమీది గదిలో మా మనవరాలు పాట పెట్టింది. అది పెట్టేవన్నీ మెటల్ పాటలే. ఆటోనగర్‌లో రేకులు కోసే మిషను పక్కన నిలబడి ఎవడో గొంతు చించుకుంటున్నట్టు ఉంటాయి. ఒక్కో బ్యాండుది ఒక్కో దేశం, ఒక్కో భాష అని అది చెబుతుంది గాని, నాకు అన్నీ ఒకటే రొద. కరెంటు దండగ అని రోజూ అనేదాన్నే. ఆ రోజూ అనబోతున్నాను. ఈలోగా ఆ అరుపుల్లో తెలిసిన మాట ఒకటి చెవిన పడింది.

"కొలాయి కట్టీ! కట్టీ! నీలు పోతన్నాయీ..."

చేతిలో చింతపండు చేతిలోనే ఉండిపోయింది. మళ్ళీ అన్నాడు. మనిషి మనవాడు కాదని తెలుస్తూనే ఉంది. "బకెట్టు" అనాల్సిన చోట "పకెత్తు" అంటున్నాడు, అరవవాళ్ళలాగా. కానీ చివర "పోతన్నాయీ" అని సాగదీసిన సాగదీత మాత్రం నాదే. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి పెరట్లో నిలబడి నేను అనే మాటలే అవి. ఒక్కటీ వదల్లేదు.

మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కాను. ఈ పిల్ల మా అబ్బాయి కూతురు. ఇంజనీరింగు చదువుతోంది. సెకండ్ హ్యాండు గిటారు ఒకటి కొనుక్కుని పొద్దస్తమానూ దాంతోనే ఉంటుంది. నన్ను చూసి పాట ఆపింది.

"ఎవడే ఆడు?"

"ఫిన్లాండు మామ్మా. ఇంటర్నెట్టుల దొరికినాడు. మంచోడు."

"మంచోడయితే నా తిట్లెందుకే ఆడికి?"

అప్పుడు చెప్పింది. ఆ మనిషికి ఒక బ్యాండు ఉందట. ఒక్కో పాట ఒక్కో దేశపు భాషలో పాడతాడట. అందులో ఒక్క భాషా ఆయనకు రాదు. కవిత్వం వద్దు, మీ ఇంట్లో మనుషులు నిజంగా గట్టిగా అరిచే మాటలు పంపండి అని అడుగుతాడట. మా పిల్ల నాకు తెలియకుండా ఫోనులో నా కేకలు పట్టి పంపింది. అర్థం కూడా రాసి పంపింది. ఆయన వాటిని పాట చేశాడు. అందులో గిటారు మా పిల్లది. అది వాయించింది బయటి ప్రపంచం వినబోయేది ఇదే మొదలు.

"అయితే నువ్వు ఒప్పుకోవాల మామ్మా. మాటలెవరివో ఆలు ఒప్పుకుంటేనే పాట బయటకొదుల్తానన్నాడు."

"నాను అలగ గాండ్రించి అరుత్తానేటే?"

అది తల వంచుకుని గిటారు తీగ ఒకటి మీటింది. "కొంచెం తక్కువే పాడినాడు మామ్మా ఆడు."

నాకు కోపం రాలేదు. ఈ పిల్లకి నా నోట మంచి మాట ఒకటైనా గుర్తుందో లేదో, ప్రపంచానికి వినిపించడానికి కొళాయి దగ్గర అరుపే దొరికింది. ఒప్పుకోనని చెప్పి దిగిపోయాను.

తిట్లు బయటపడతాయని ఒప్పుకోలేదనే అనుకుంది అది. తిట్టడానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. నా సిగ్గు యాస దగ్గర.

మాది విజయనగరం అవతల చిన్న పల్లె. మూడో తరగతితో చదువు సరి. మా ఆయనకు స్టీల్ ప్లాంటులో పని దొరికి క్వార్టర్సుకి వచ్చినప్పుడు చుట్టూ కృష్ణా జిల్లావాళ్ళు, గోదావరి జిల్లాలవాళ్ళు. అక్కడ మంచినీళ్ళ కొళాయి దగ్గర ఒకావిడ నన్ను ఏదో అడిగింది. "నాను రానండి, మా ఇంటికాడ పనుంది" అన్నాను. ఆవిడ పక్కావిడ వైపు తిరిగి "నాను రానండి" అని నాలాగే అంది. ఇద్దరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అంతే, అంతకంటే ఏమీ జరగలేదు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ రోజు నుంచి నేను బయట "నేను" అనడం నేర్చుకున్నాను. "లేదండీ" అనడం, "వస్తున్నాను" అనడం వాళ్ళ నోళ్ళు చూసి చూసి నేర్చుకున్నాను. పిల్లలు "నాను" అంటే మూతి మీద ఒకటి ఇచ్చేదాన్ని. ఇది రాస్తున్నప్పుడు కూడా "నేను" అనే రాస్తున్నాను, చూడండి.

ఇంట్లో మాత్రం మా ఆయనతో మా మాటే. ప్లాంటులో మిల్లు చప్పుడుకి ఆయన చెవులు మందగించాయి. ఆయనతో ఏది చెప్పినా అరిచి చెప్పాల్సిందే. ఉప్పు అందుకోమన్నా అరుపే. ఆయన పోయాక ఆ మాటలు వినే మనిషి లేకుండా పోయాడు. అరుపు మాత్రం మిగిలింది. కోపం వచ్చినప్పుడో, మనవరాలి దగ్గరో తప్ప నా మాట నా నోటికి రావడం మానేసింది.

పెందుర్తిలో ఈ ఇల్లు కట్టుకున్నాక పక్కింట్లోకి కృష్ణా జిల్లా వాళ్ళే వచ్చారు. ఆవిడకీ నాకూ వదినగారూ అంటే వదినగారూ అని పిలుచుకునే చనువు. గోడ మీదనుంచి కూరలు ఇచ్చిపుచ్చుకుంటాం. ఒకసారి ఆవిడ "మీరు ఈ ఊరివాళ్ళలా ఉండరు వదినగారూ, మాట ఎంత శుభ్రంగా ఉంటుందో" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. రోజంతా ఆ మాట తలుచుకుని సంబరపడ్డాను. ఇంత వయసొచ్చి దానికా నేను సంబరపడింది?

మర్నాడు పొద్దున్న కూడా మనవరాలు మొహం ముడుచుకునే ఉంది. చివరకు ఒక మెట్టు దిగాను. పాట కావాలంటే ఉంచుకోండి, కానీ ఆ మాటలు మంచి తెలుగులోకి మార్చి పాడమను, నేనే నేర్పుతాను అన్నాను. దానికి మనసు లేకపోయినా సరేనంది.

ఫోను చేస్తే వీడియోలో ఆ ఫిన్లాండు మనిషి కనిపించాడు. గుండెల దాకా గడ్డం, జుట్టు వెనక్కి ముడి. ఆ గడ్డం వెనక చంటిపిల్లాడి కళ్ళు. చేతులు జోడించి "నమస్తే" అన్నాడు. మా పిల్ల మధ్యలో నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పింది. నేను బడిపంతులమ్మలా గొంతు సవరించుకున్నాను.

"కొళాయి కట్టెయ్యమ్మా. నీళ్ళు పోతున్నాయి."

"కొలాయి" అన్నాడు. "నీల్లు" అన్నాడు. "ళ" ఆయనకు రాదు. నాలుక మడత పెట్టమని నా నోరు తెరిచి చూపించాను. ఆయన ఫోనుకి దగ్గరగా వచ్చి, కళ్ళు చిట్లించి, నాలుక మడిచి గట్టిగా పట్టి అన్నాడు. ఆ వచ్చిన చప్పుడు ఏమని చెప్పను, గొంతులో ముల్లు దిగినట్టుంది. నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నాను. ఆయన పాపం, నవ్వుతున్నానంటే బాగుందనుకున్నాడేమో, మళ్ళీ అన్నాడు. ఇంక నా వల్ల కాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాను. మా పిల్ల వైపు తిరిగి ఆయన అన్నట్టే అని చూపించాను కూడా.

తెల్లటి మనిషి, చెవుల దాకా ఎర్రబడ్డాడు. గడ్డం నిమురుకుంటూ కిందికి చూసి ఏదో అన్నాడు. మా పిల్ల అది నాకు చెప్పలేదు. ఫోను కట్టేసింది.

"ఏటన్నాడే?"

"నా తెలుగు అంత సండాలంగా ఉందా, మీ వాలందరూ ఇలాగే నవ్వుతారా అని అడిగినాడు."

"మరి నువ్వేటన్నావు?"

"ఏటంతాను? నువ్వు నవ్వుతుంటే కనపడతనే ఉంది గదా. ఇంక ఈ పాట వద్దులెమ్మన్నాడు."

కొంగు ఇంకా నా చేతిలోనే ఉంది, నోటి దగ్గర. దాన్ని కిందికి వదలడానికి కూడా సిగ్గేసింది.

ఆ తరవాత ఇల్లు చాలా పద్ధతిగా నడిచింది. మనవరాలు గదిలోంచి వస్తే లైటు కట్టి వచ్చేది. బకెట్టు నిండే లోపలే కొళాయి కట్టేది. కంచంలో మెతుకు వదిలేది కాదు. ఇన్నేళ్ళూ నేను కోరుకున్నది అదే. తిట్టడానికి నాకు ఒక్కటీ దొరకలేదు. మేడమీద గిటారు చప్పుడు లేదు. "అన్నం తిన్నావా?" అంటే "తిన్నాను" అనేది, మంచి తెలుగులో, నేను నేర్పిన తెలుగులో. పిల్ల పరాయి ఇంటి పిల్లలా మాట్లాడుతుంటే వినలేకపోయాను.

ఒక సాయంత్రం మళ్ళీ మెట్లెక్కాను.

"ఆడికి ఫోను సెయ్. నానే సెప్తాను ఆడికి. తప్పు నాదని సెప్పు. నా మాట ఎలగుందో అలగే పాడుకోమను."

అది నమ్మనట్టు చూసింది. ఫోను చేసింది. ఆయన వెంటనే ఎత్తలేదు. ఎత్తాక నా మొహం చూసి మళ్ళీ నమస్తే అన్నాడు గాని, చేతులు ఈసారి నెమ్మదిగా లేచాయి. మా పిల్ల చాలాసేపు మాట్లాడింది. నేను చేతులు జోడించి నిలబడ్డాను. క్షమించమని ఏ భాషలో చెప్పాలో తెలియక అలాగే నిలబడ్డాను. చివరికి ఆయన మెత్తబడ్డాడు. పాట పెడతాను, కానీ మొదట్లో మామ్మ గొంతే ఉండాలి, ఆ వెనక నేను అందుకుంటాను అన్నాడు. పాత రికార్డులో కుక్కరు కూత పడిందట. కొత్తగా ఒకసారి అనాలట, ఫోనులో తను వింటూ ఉండగా.

తెల్లవారాక పెరట్లో కొళాయి దగ్గర నిలబడ్డాను. ఎదురుగా ఫోను పట్టుకుని మనవరాలు. ఫోనులో గడ్డం. సరిగ్గా అప్పుడే గోడ అవతలనుంచి పక్కింటావిడ మునగాకు పట్టుకుని తొంగిచూసింది.

"ఏంటండీ వదినగారూ, సినిమాకా?"

"ఏదో పిల్ల సరదా అండీ" అన్నాను. ఆవిడను వెళ్ళమనలేను, ఉండమనలేను. ఆవిడ ఎటూ కదల్లేదు.

"కానీ మామ్మా" అంది మనవరాలు.

"కొళాయి కట్టెయ్యమ్మా. నీళ్ళు పోతున్నాయి" అన్నాను.

"అది కాదు మామ్మా. నీది."

మళ్ళీ నోరు తెరిచాను. మళ్ళీ అదే వచ్చింది, ఇంకా శుభ్రంగా. నిజంగానే నాది నాకు రావడం లేదు. ఆ గోడ మీద మొహం చూస్తే నాలుక దానంతటదే మడతపడి "ళ" అంటోంది.

"టీవీల వార్తలు సదవకే మామ్మా!"

"నన్నేం చెయ్యమంటావమ్మా, రావడం లేదు" అన్నాను. ఆ మాట కూడా మంచి తెలుగులోనే వచ్చింది. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

అది ఒక్క క్షణం నన్ను చూసింది. ఫోను తీసి గోడ మీద నిలబెట్టింది. బకెట్టు కింద పెట్టి కొళాయి పూర్తిగా తిప్పింది. తిప్పి, లోపలికి వెళ్ళిపోయింది.

వస్తుందనుకున్నాను. బకెట్టు సగమయింది. నిండింది. అంచుల మీదనుంచి పొర్లి, బట్టలుతికే బండ మీదనుంచి జారి, మోరీలోకి పోతున్నాయి నీళ్ళు, మంచినీళ్ళు. పిల్ల రాదే! లోపల కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు వినపడింది.

"ఓలే గుంటా! కొలాయి కట్టీ! బకెట్టు నిండిపోనాది, నీలు పోతన్నాయి కనపడతంది నేదా! నీ బాబు సెరువు తవ్వించినాడేటే? నాను సచ్చినాక ఎవుడు మోత్తాడే ఈ నీలు!"

వీధి చివర కుక్క ఒకటి మొరిగింది.

నేను గోడ వైపు చూడలేదు. చూడకుండానే అన్నాను, "ఏమీ అనుకోకండి వదినగారూ, మాది ఇలాంటి మాటేనండీ."

"అనుకోడానికేముందండీ," అంది ఆవిడ, మునగాకు గోడ మీద పెడుతూ. "ఇన్నేళ్ళుగా పొద్దున్నే వింటన్నదే గదా. మా ఇంట్లో అందరం లేచేది దీనికే."

ఇన్నేళ్ళుగా. అయితే ఆ రోజు మాట శుభ్రంగా ఉందన్నప్పుడు కూడా ఆవిడకు తెలుసు. తెలిసే, నేను దాచుకుంటున్నానని గ్రహించే, నా కోసం అలా అంది. నేను దానికి పొంగిపోయి నవ్వాను, ఆవిడ ఆ నవ్వు చూసింది. ఆ క్షణం ఎక్కడ చూడాలో నాకు తెలియలేదు. నా కాళ్ళకేసి చూసుకుంటూ నిలబడిపోయాను. చల్లగా నీళ్ళు కాళ్ళ మీదనుంచి పోతున్నాయి.

గోడ మీది ఫోనులోంచి పెద్ద గొంతు పలికింది. గాండ్రింపు కాదు, మామూలు గొంతే. కానీ చివర సాగదీత నాదే.

"మామ్మా! కొలాయి కట్టీ! నీలు పోతన్నాయీ..."

గబగబా వంగి కట్టాను.