పట్టి వదిలేసే అల్లుడు

చేపను పట్టించడం, ఫొటో తీయడం, మళ్ళీ నీళ్ళలో వదిలేయించడం నా వృత్తి. దీన్ని ఇంగ్లీషులో ఫ్లై ఫిషింగ్ అంటారు, నన్ను గైడ్ అంటారు. తెనాలిలో మాత్రం ఏమీ అనరు, అదోలా చూస్తారు. కోడి ఈకను కొక్కేనికి కట్టి పురుగులా తయారుచేస్తాం. దాన్ని పొడవాటి రాడ్‌తో గాల్లో అటూ ఇటూ ఊపి నీళ్ళమీద వాలుస్తాం. నిజం పురుగనుకుని చేప మోసపోతుంది. ఆ మోసం చేయడం సరదా అనుకునేవాళ్ళు హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ వస్తారు. వాళ్ళను కాలవ గట్ల వెంట తిప్పుతాను.

ఈకలు కోడిమాంసం కొట్టు దగ్గర ఏరుకుంటాను. ఒకసారి ఎర్రదారంతో కట్టిన ఈక ఒకటి జేబులోంచి జారి మా ఇంటి ఓనరు గారి గుమ్మంలో పడింది. ఆవిడ దాన్ని చేతబడి అనుకుని నిమ్మకాయలు కోయించి, గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టించి, నన్ను పిలిచి మరీ హెచ్చరించారు.

“జాగ్రత్త బాబూ, మన వీధిలో ఎవడో పాడు పని మొదలెట్టాడు.”

“అవునండి,” అన్నాను. ఇంకేమనగలను?

ఏడాది పొడవునా ఈ పని ఒక్కలా సాగదు. ఎండాకాలం కాలవలు కట్టేస్తారు. చుండూరు దగ్గర కాలవలో పిల్లలు క్రికెట్ ఆడుకుంటుంటే గట్టుమీద రాడ్ పట్టుకుని నిలబడ్డ రోజులున్నాయి నాకు. అప్పుడు అందరినీ బాపట్ల తీసుకెళ్తాను, సముద్రాన్ని ఎవరూ కట్టేయరు కాబట్టి. అక్కడి గాలికి ఈక ముందుకు పోదు, వెనక్కి తిరిగొచ్చి విసిరినవాడి టోపీనే పట్టుకుంటుంది. వానలు పడి కాలవలకు నీళ్ళు వదిలాక కొన్నాళ్ళు చేపలకంటే చెప్పులు ఎక్కువ పడతాయి. ఒకాయన చెమటలు కక్కుతూ పోరాడి పోరాడి పాత పరుపును ఒడ్డుకు చేర్చాడు. దానితోనూ ఫొటో దిగాడు. నాట్లప్పుడు పొలాలకు పోయే ఆడవాళ్ళు ఆగి, “ఏంటి బాబాయ్, కొంగల్ని తోలుతున్నావా?” అని పలకరిస్తారు. నవ్వేసి ఊరుకుంటాను. లోపల మాత్రం ఒళ్ళు మండుతుంది.

వీళ్ళందరినీ భరించాను. భరించలేనిది మా మామగారి మౌనం.

ఆయనది రేపల్లె. పొలం ఉంది, పంచె కట్టు ఉంది, చేప లేనిదే ముద్ద దిగని నాలుక ఉంది. మొన్న శ్రావణానికి ముందు, అల్లుడు ఏం చేస్తాడో కళ్ళారా చూద్దామని ఊరి అవతలి ఉప్పుటేరు దగ్గరకు వచ్చారు. ఆరోజు నాతో వచ్చిన హైదరాబాదు కుర్రాడికి మోచేయంత పండుగప్ప చేప పడింది. మామగారు అప్పటికే జేబులోంచి కవరు తీసి, దాని నోరు విప్పి పట్టుకుని నిలబడ్డారు. ఆ కుర్రాడు చేపను ముద్దు పెట్టుకుని నీళ్ళలో వదిలేశాడు. నేను చప్పట్లు కొట్టాను. అది నా డ్యూటీ.

మామగారు ఖాళీ కవరులోకి చూసుకున్నారు. “తినడానిక్కాకపోతే పట్టడం ఎందుకు?”

“ఆనందం కోసం మామయ్య గారూ.”

“ఎవరికి, చేపకా?”

అంతే, నాతో మాట్లాడటం మానేశారు. ఎదురుగా నేను కూర్చునుంటే, “మీ ఆయన్ని భోజనానికి లెమ్మను,” అని వంటింట్లో ఉన్న మా ఆవిడకు కేకేసి చెప్పేవారు. ఊళ్ళో ఎవరైనా అల్లుడేం చేస్తాడని అడిగితే మాట మార్చేవారట. నాకు తండ్రి లేడు. ఆయన “ఏమయ్యా అల్లుడూ” అంటే ప్రాణం లేచొచ్చేది. అది పోయాక రేపల్లె వెళ్ళాలంటేనే దిగులుగా ఉండేది.

కార్తీకం వచ్చింది. ఆ ఇంట్లో నెలంతా నీచు ముట్టరు. మామగారు నియమం తప్పరు గాని, రోజూ చేపల మార్కెట్ దాకా నడిచి, ఊరికే చూసి వస్తున్నారని అత్తగారు ఫోన్‌లో చెప్పారు. తర్వాతి ఆదివారం మేం వెళ్ళేసరికి ఆయన మా ఆవిడతో అన్నారు: “మీ ఆయన పట్టే చేప ఎలాగూ తినేది కాదుగా. పట్టినా నియమం చెడదు. నన్నూ కాస్త తీసుకెళ్ళమను.”

ఉప్పుటేరు దగ్గర మొదటి విసురుకు ఈక ఆయన పంచెకే తగులుకుంది. రెండోసారీ అంతే. మూడోసారి నా చొక్కా పట్టింది. విడిపించుకుంటూ, నారుమడిలో విత్తనాలు చల్లినట్టు మణికట్టు తిప్పమన్నాను. ఈక నీళ్ళమీద పడింది. కాసేపటికి దారం బిగిసింది, రాడ్ విల్లులా వంగింది.

“అల్లుడూ, లాగుతోందయ్యా, ఇప్పుడేం చెయ్యాలి?”

నేను సమాధానం చెప్పడం మరిచిపోయి ఆయన మొహమే చూస్తూ నిలబడ్డాను. అదృష్టవశాత్తూ చేప ఆగింది. ఒడ్డుకు లాగితే అదీ పండుగప్పే. మామగారు రెండు చేతులా ఎత్తుకుని, తల పులుసుకనీ, నడుము ముక్కలు వేపుడుకనీ దాని మొహానే చెప్పారు. తర్వాత గొంతు తగ్గించి, నెల అయ్యేదాకా దీన్ని ఎక్కడైనా కట్టి ఉంచొచ్చా అని అడిగారు. కుదరదన్నాను. బడికి మొదటిరోజు పిల్లాణ్ణి పంపినట్టు పంపారు దాన్ని, వెనక్కి తిరిగి చూసుకుంటూ.

కార్తీకం ముగిసి, పోలి దీపాలు వదిలిన మర్నాడు తెల్లారకముందే ఫోన్ చేశారు. అత్తగారు చింతపండు నానబెట్టేశారు. మళ్ళీ అక్కడికే వెళ్ళాం, మళ్ళీ పండుగప్పే పడింది. ఈసారి కవరు నోరు విప్పి పట్టుకున్నది నేను. వృత్తి ధర్మం పోతే పోయింది, మామగారు దక్కితే చాలనుకున్నాను.

ఆయన చేపను అటూ ఇటూ తిప్పి చూశారు. “ఇది మొన్నటిదే.”

“చెప్పలేమండి, అన్నీ ఒకేలా ఉంటాయి.”

“మొన్నటిదేనయ్యా. చూడు, నన్ను గుర్తుపట్టింది.” నోరు చప్పరించారు, కళ్ళు తుడుచుకున్నారు. “మొహం తెలిసినదాన్ని ఎలా తింటాం?” అని నీళ్ళలో వదిలేశారు.

తిరిగొస్తూ రేపల్లె మార్కెట్ దగ్గర బండి ఆపమన్నారు. మొహం తెలియని పండుగప్పను కొని, పొలుసు తీయించి, ముక్కలు కొట్టించి ఇంటికెళ్ళాం. గుమ్మంలోనే కవరు అత్తగారి చేతికిచ్చి, పక్కింటివాళ్ళకు కూడా వినబడేలా, “అల్లుడు పట్టాడు,” అన్నారు.

ఆవిడ కవరు తెరిచి చూసి, ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూశారు.

“అల్లుడు గారు పడితే ముక్కలెలా అయిందండీ?”

మామగారు చెప్పులు విడుస్తూ తలెత్తకుండా చెప్పారు.

“మా అల్లుడు అలాగే పడతాడు.”