వంట అవ్వకి ఇవ్వగలరు

మా అమ్మ చెవి మిషను కొయ్యూరు అవతల కొండ ఊరి అడ్రసుకి వెళ్ళిందని నాకు తెలిసేసరికి సాయంత్రం ఆరయింది. అప్పటికి అమ్మ మూడుసార్లు గేటు దాకా వెళ్ళొచ్చింది. ఫోన్లో మాత్రం ‘మీ పార్సెల్ అందింది, ధన్యవాదాలు’ అని పచ్చటి అక్షరాలు మెరుస్తున్నాయి. ఎవరికి అందిందో చెప్పే ఓపిక దానికి లేదు.

ఆ మిషను ఎందుకో ముందు చెప్పాలి. అమ్మకి రెండేళ్ళుగా వినికిడి తగ్గుతూ వచ్చింది. వినపడలేదని ఒప్పుకోవడం ఆవిడకి నామోషీ. ఎవరేం చెప్పినా నవ్వి, ‘ఊఁ, మంచిదే’ అనేది. మా వీధిలో సగం కబుర్లు ఆ రెండు మాటలతోనే నడిచిపోయేవి. ఒకరోజు ఎదురింటావిడ మాకవరపాలెం నుంచి వచ్చి, నేరుగా మా అరుగు మీద కూలబడి, తమ్ముడు పోయాడని చెప్పింది. ఆ తమ్ముడి కూతురికి సంబంధాలు చూస్తున్నారని అమ్మకి తెలుసు. పెళ్ళి కుదిరిందనుకుంది. నవ్వి, తల ఊపి, ‘ఊఁ, మంచిదే’ అంది. ఎదురింటావిడ లేచి వెళ్ళిపోయింది. నేను లోపలి నుంచి పరిగెత్తుకొచ్చేసరికి వాళ్ళ తలుపు మూసేసి ఉంది. వెళ్ళి ఎంత చెప్పుకున్నా, ‘పర్లేదులెండి’ అంది గానీ, మళ్ళీ మా గడప తొక్కలేదు.

జరిగింది కాగితం మీద రాసి అమ్మకి చూపించాను. రెండుసార్లు చదువుకుంది. మర్నాడు చీరల అడుగు నుంచి పింఛను డబ్బులు తీసి నా చేతిలో పెట్టింది.

“మిషను తెప్పించు. ఆవిడింటికెళ్ళి కూకుని, ఆ రోజు సెప్పిందంతా మళ్ళీ సెప్పించుకుని ఇంటాను,” అంది.

ఏడాదిగా దాచిన పింఛను అది. కాంట్రాక్టు టీచరుగా నాకొచ్చే జీతం ఇంటద్దెకీ సరుకులకీ సరి. డాక్టరుగారు చెప్పిన రకం మిషను యాప్‌లో దొరికింది. స్కూల్లో బెల్ కొట్టేలోపు గబగబా ఆర్డరు పెట్టేశాను. అడ్రసు చూసుకోలేదు. నా గొప్ప అదీ.

అంతకుముందు నాలుగేళ్ళు కొయ్యూరు మండలంలో ఒక కొండ ఊరి బడిలో పనిచేశాను. ఊరందరికీ కలిపి ఆర్డర్లు పెట్టే ఫోను నాది ఒక్కటే. టార్చిలైట్లు, వానకోట్లు, పిల్లల చెప్పులు, అన్నీ నా పేరు మీదే వచ్చేవి. పార్సెళ్ళ బండి కొండెక్కదు. రోడ్డు పక్కన కిరాణా కొట్లో దించేసి పోతుంది. ఏది ఎవరిదో కొట్టాయనకి తెలియడానికి అడ్రసు చివర నేనే రాసేదాన్ని, ఫలానా ఇంటికి అని. సంత రోజున ఎవరో ఒకరు పైకి పట్టుకుపోయేవారు. బండి అబ్బాయి ఫోన్ చేస్తే పాఠం ఆపి ఓటీపీ చెప్పేసేదాన్ని. బదిలీ మీద నర్సీపట్నం వచ్చేముందు అక్కణ్ణుంచి పెట్టిన ఆఖరి ఆర్డరు, మా బడిలో వంట చేసే అవ్వకి గొడుగు. ఆ అడ్రసు యాప్‌లో అలాగే, అందరికంటే పైన కూర్చుని ఉంది. ‘వంట అవ్వకి ఇవ్వగలరు’ అన్న ముక్కతో సహా.

ఈసారి కూడా క్లాసు మధ్యలో ఫోనొచ్చింది. ఓటీపీ అడిగాడు. ఎక్కడున్నావని అడగకుండా నాలుగంకెలూ చెప్పేశాను.

కస్టమర్ కేర్ అమ్మాయి ఓపిగ్గానే వింది. “అడ్రసు మీరిచ్చిందే కదండీ. ఓటీపీ కూడా మీరే చెప్పారు కదండీ,” అంది. రెండూ నిజమే. వాపసు తీసుకోండి, డబ్బులివ్వండి అంటే, చెవిలో పెట్టుకునే వస్తువు కాబట్టి సీలు విప్పితే తీసుకోరట. నాలుగు రోజుల్లో ఆరుగురితో మాట్లాడాను. ఆరుసార్లూ మొదట్నుంచి చెప్పుకున్నాను. ఆరో అమ్మాయి జాలిపడి ఒక దారి చూపించింది.

“మీకు తెలియని వాళ్ళెవరో తీసేసుకున్నారని ఫారం పెట్టండి మేడం. పోలీస్ స్టేషన్లో ఇచ్చిన కంప్లైంట్ ఫోటో జతచేస్తే రీఫండ్ వస్తదండీ. కానీ ఆదివారం సాయంత్రం లోపు పెట్టాలండీ.”

కొట్టాయన ఫోను అప్పటికి గానీ కలవలేదు. “అవ్వకని రాసుంది కదా టీచరమ్మా. సంత రోజునే పంపించేసినాను,” అన్నాడు. తప్పు చెయ్యకుండా పని చేసినవాడి గొంతు అది. 

ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. నిజం చెప్పాలంటే, తిరిగి పట్టుకు రావడానికే వెళ్ళాను. సీలు విప్పినా పర్లేదు, తుడిచి అమ్మ చెవిలో పెడదామని. సంచీలో దూది, మెత్తటి గుడ్డ కూడా పెట్టుకున్నాను. అవ్వకి బదులుగా ఒక చీర కొన్నాను. కొయ్యూరులో దిగి ఆటో పట్టుకుని, ఆపైన నడుస్తూ, ఏం చెప్పాలో మాటలు కూర్చుకున్నాను.

అవ్వ గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. నేనింకా దడి దాటకముందే తలెత్తింది.

“టీచరమ్మా, నువ్వేనా? రాళ్ళ మీద సెప్పుల సప్పుడు ఇనబడితే ఎవరో అనుకున్నాను.”

నేనున్న నాలుగేళ్ళూ ఆవిడతో మాట్లాడాలంటే భుజం తట్టి, ఎదురుగా నిలబడి అరవాల్సి వచ్చేది. ఇప్పుడు చెవి వెనక మిషను, అది పడిపోకుండా నల్లదారంతో జడకి ముడి. 

“నువ్వు మరిసిపోనేదు,” అంది. “ఎల్లినప్పుడు సెప్పినావు కదా, సెవి మిషను పంపుతానని. ఊళ్ళో అందరూ టీచరమ్మ ఎక్కడ పంపుతాదే అన్నారు. నేను పంపుతాదనే అన్నాను.”

చెప్పాను. వీడ్కోలు రోజున, దండ మెడలో ఉండగా, అందరి ముందూ చెప్పాను. ఆటో ఎక్కేలోపే మరిచిపోయాను. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గుతోపాటు, ఇంత నమ్మకంగా కాచుకున్నందుకు ఆవిడ మీద కోపం కూడా వచ్చింది. దాచడమెందుకు, వచ్చింది.

చీర ఇచ్చాను. మా అమ్మ సంగతి ఒక్క ముక్క చెప్పినా, అప్పటికప్పుడు దారం విప్పి చేతిలో పెట్టే మనిషి. అందుకే చెప్పలేకపోయాను. లేచేటప్పుడు మిషను బ్యాటరీల చిన్న డబ్బీ తెరిచి చూపించింది.

“బిళ్ళలు ఇంకా నాలుగున్నాయి. అయిపోతే ఏటి సెయ్యాలి?”

“నేను పంపుతానవ్వా,” అన్నాను. మళ్ళీ అదే నోటితో మళ్ళీ అదే మాట.

తిరుగు బస్సులో ఫారం తెరిచాను. పార్సెల్ తీసుకున్న మనిషి మీకు తెలుసా అని ప్రశ్న. కింద రెండు గళ్ళు: తెలుసు, తెలియదు. తెలియదు అని నొక్కితే, తర్వాత స్టేషనుకి వెళ్ళి రాసివ్వాలి. పోలీసులు ఏ గుమ్మం ముందు ఆగుతారో నాకు తెలుసు. నర్సీపట్నం దగ్గర పడుతుండగా ‘తెలుసు’ అని నొక్కాను. మీ ఫిర్యాదు ముగిసింది, ధన్యవాదాలు అని వచ్చింది.

అమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. ఉతికిన చీర కట్టుకుంది. ఎదురింటికి వెళ్ళడానికని చూడగానే అర్థమైంది. నా చేతిలో సంచీ వంక చూసి, “దొరికిందా?” అంది.

“లేదమ్మా. డబ్బులు కూడా రావు. నేనే ఒదిలేశాను,” అన్నాను.

అమ్మ నా మొహంలోకి చూసింది. నవ్వి, తల ఊపింది.

“ఊఁ, మంచిదే,” అంది.