పియానోలో తెగిన పోగు

నా హెడ్‌ఫోన్ మెత్తలకు మిషన్ నూనె వాసన పట్టింది. పోయిన ఆదివారం మా బాపు చెవులకు పెట్టినప్పటి నుంచి వదలడం లేదు. ఆల్థాన్‌లోని ఫ్లాట్‌లో కూర్చుని, ఒక పియానో స్వరానికీ తర్వాతి స్వరానికీ మధ్య టీ తాగి రావచ్చు అనిపించేంత నెమ్మదైన సంగీతం వింటున్నాను; వెనకాల వయొలిన్లు ఎవరినీ లేపకూడదన్నట్టు గోడ పట్టుకుని నడుస్తుంటాయి. ఇందులో నిశ్శబ్దమే అసలు సంగీతమని మెచ్చుకునేవాళ్ళు రాస్తారు. వాళ్ళు బమ్రోలిలో పెరగలేదు.

బమ్రోలిలో మా గది సాంచాల కార్ఖానా మీదే ఉండేది. కింద ఆ మరమగ్గాలు దంచుతుంటే పైన గూట్లో స్టీలు గ్లాసులు వాటంతటవే అంచుకు నడిచొచ్చేవి, చలికాలంలో బాపు పొట్లం కట్టించి తెచ్చే పోంక్, ఆ లేత జొన్న గింజలు, పళ్ళెంలో చిందులేసేవి, అవ్వ, అంటే మా అమ్మ, పిండి కలుపుతుంటే గిన్నె కూడా తన వంతు సాయం చేసేది. పిల్లలం పెదాలు చూసి తిట్లు కనిపెట్టే ఆట ఆడేవాళ్ళం. కార్ఖానాలో బాపు చేతులతోనే మాట్లాడేవాడు. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. నిశ్శబ్దం మాకు ధ్యానం కాదు, గుండెదడ. "సాంచాలు బంద్ వడ్డయ్, ఎవలకేమైందో సూసిరాపో!" అని అవ్వ చపాతీ కర్రతో తరిమేది.

సెలవు రోజు నిశ్శబ్దమంటే మాత్రం భయం లేదు. అవ్వ గోరువెచ్చని నూనె వేసి బాపు చెవుల్లోంచి దారపు నుసి తీసేది. తర్వాత ఆయన నా పక్కన పడుకుని నక్క కథ గుసగుసగా చెప్పేవాడు. ఆ గుసగుస ఏటేటా పెరిగింది. చివరికి నక్క జిత్తులన్నీ వీధంతా వినబడి, పక్కింటి గుజరాతీ ముసలమ్మకు కూడా కథ వచ్చేసింది. చెవులు పోతున్నాయని ఎవరికీ తట్టలేదు. కార్ఖానా మీద బతికేవాళ్ళు అరవక పాడతారా?

ఇప్పుడక్కడ పెళ్ళిళ్ళ హాలుంది. చప్పుడుకు లోటు లేదు. బాపు ఉన్ అనే పేటలో ఇంకో కార్ఖానాకు పోతున్నాడు. ఆయన గుసగుస మాత్రం ఎక్కడికీ మారలేదు, పోయింది. దానికి దగ్గరగా ఉండేదేదో ఒక్కసారి వినిపిద్దామని, ఆ ఆదివారం హెడ్‌ఫోన్ పెట్టి సౌండ్ పూర్తిగా పెంచాను. పియానో ఉన్నంతసేపు తలూపాడు. తర్వాత ఇల్లదిరేలా అన్నాడు:

"ఆగిపోయిందిరా! పోగు తెగినట్టున్నది, సూడు."

నేను హెడ్‌ఫోన్ తీసి నా చెవులకు పెట్టుకున్నాను. వయొలిన్ అప్పుడే సన్నగా మొదలైంది.

"తెగిందా?"

రెండు వేళ్ళు కత్తెరలా ఆడించాను. బాపు తృప్తిగా తలూపి, బొటనవేలూ చూపుడువేలూ నులిమి చూపించాడు, ముడెయ్యమని.