కుట్టు విప్పని కథ

మా పక్క క్వార్టర్ అక్క ఇక లేదు. పోయిన ఆదివారం వాళ్లన్న మందమర్రి నుంచి వచ్చి మా గేటు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. చేతిలో గుడ్డసంచి ఉంది. "చెల్లె పోయింది" అన్నాడు. జ్వరం ముదిరిందట, దవాఖానకు తీసుకుపోయేసరికే మాట పడిపోయిందట, మర్నాడే మట్టి చేశారట. మాకు కబురెందుకు చేయలేదని గట్టిగానే అడిగాను. అంతా జల్దిగా అయిపోయిందనీ, ఎవరికి చెప్పాలో కూడా తోచలేదనీ అన్నాడు. ఆ సంచి మీకియ్యమన్నదని నా చేతికిచ్చి, ఖాళీ చేసిన క్వార్టర్ తాళంచెవి ఆఫీసులో అప్పజెప్పాలని వెళ్లిపోయాడు. నేను చేటలో బియ్యం ఏరుతూ లేచి వచ్చినదాన్ని, మళ్లీ పోయి ఏరుతూ కూర్చున్నాను. ఆఖరికి ఆమె ముఖం కూడా చూడలేదు కదా అనే మాట అన్నం వార్చేటప్పుడు గుర్తొచ్చింది.

ఈ లైనులో చదువుకున్న ఆడవాళ్లందరికీ ఆమె తెలుసు. చదువురానివాళ్లకు ఇంకా బాగా తెలుసు. మీలో కొందరైనా ఆమె కుట్టిన పుస్తకం కొంగుచాటున పెట్టుకుని ఇంటికి పోయినవాళ్లే. గోదావరిఖనిలో ఈ క్వార్టర్లు కట్టిన కొత్తల్లో, గోడల సున్నం వాసన ఇంకా పోకముందే, ఆమె అన్న వెంట ఇక్కడికి వచ్చింది. అప్పటికే భర్త లేడు, పిల్లలు లేరు. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. ఆదివారం పొద్దున తెల్లచీర కట్టుకుని చర్చికి పోయేది. మిగతా రోజుల్లో ఆమె చేతిలో అయితే జాకెట్టు గుడ్డ, లేకపోతే పాత వారపత్రిక.

పత్రికల్లో వచ్చే సీరియళ్లను వారం వారం చింపి, అన్నీ వచ్చాక కలిపి కుట్టుకోవడం ఆ రోజుల్లో మనందరికీ అలవాటే. మా మేనత్త ఇంట్లో అట్టపెట్టెల నిండా ఉండేవి. అయితే అందరం ఒక కథను ఒక పుస్తకంగా కుట్టేవాళ్లం. అక్క అలా చేసేది కాదు. పట్నంలో జరిగే అపరాధ పరిశోధన కథ పక్కన పిల్లల పత్రికలోని బొమ్మల కథ, దాని వెనక ఒక అత్తాకోడళ్ల కథ, అన్నీ కలిపి ఒకే దారంతో కుట్టేది. మొదటిసారి చూసినప్పుడు ఈమెకు మతి సరిగా ఉందా అనుకున్నాను. ఎందుకు కలిపావని అడిగితే, "బట్టలు వేరు చెల్లె, దిగులు ఒక్కటే" అంది.

నేను పెళ్లయి కొత్తగా వచ్చిన రోజులవి. కరీంనగర్ దగ్గరి పల్లెలో, చుట్టూ మనుషుల మధ్య పెరిగినదాన్ని. ఇక్కడ సైరన్ మోగితే గుండె జారిపోయేది. ఆయన షిఫ్టుకు పోతే గోడల వైపు చూస్తూ కూర్చునేదాన్ని. ఒకరోజు అక్క దగ్గర తెచ్చిన నవల తిరిగివ్వబోతే ఎట్లుందని అడిగింది. నేను గొప్పగా కథంతా చెప్పడం మొదలుపెట్టాను. నాకు ఆమె చేతిలోని కత్తెర ఆగడం గుర్తుంది.

"కథ సంగతి నాకెందుకు పిల్లా. చదివి పక్కకు పెట్టినంక నీకు ఇల్లు ఎట్ల కనబడ్డది, గా ముచ్చట చెప్పు."

ఇల్లు చాలా పెద్దగా కనబడిందని చెప్పాను. ఉన్నవి రెండు గదులు, అయినా అలాగే అనిపించింది. ఆమె నవ్వలేదు. లోపలికి పోయి ఒక బొమ్మల కథ తెచ్చి ఇచ్చింది. చిన్నపిల్లల పుస్తకం ఇచ్చిందేమిటని నాకు చిన్నతనంగా అనిపించింది. అందులో ఒక రాజకుమార్తె బురుజులో ఒంటరిగా ఉంటుంది. పేజీ పేజీకి బొమ్మలో గది పెద్దదవుతూ, ఆ అమ్మాయి చిన్నదవుతూ పోతుంది. చదివి చాలాసేపు ఏడ్చాను. పుట్టింటి మీది బెంగ ఆ రోజుతో సగం తీరింది. ఆ తర్వాత ఇంకెప్పుడూ ఆమె ఇచ్చినదాన్ని కాదనలేదు.

చదువురానివాళ్లకు బొమ్మల కథలే ఇచ్చేది. తిరిగి తెచ్చినప్పుడు, ఏ బొమ్మ దగ్గర ఎక్కువసేపు ఆగారో చూపించమనేది. మా వెనక లైనులో, టబ్బుల్లో బొగ్గు నింపే ఫిల్లర్ ఒకాయన భార్య ఉండేది. ఆమె ఎప్పుడూ ఖాళీ పడవ ఉన్న బొమ్మ దగ్గరో, ఎవరూ లేని వంతెన దగ్గరో వేలు పెట్టేది. అక్క ఆమె కోసం అలాంటి బొమ్మలే వెతికి పెట్టేది. పుస్తకం ఇచ్చేముందు ఇంటాయనది ఏ షిఫ్టో అడగడం ఇంకో అలవాటు. "సెకండు షిఫ్టు వారం దయ్యాలొద్దు. వచ్చే వారం తీస్కపో" అని మా చేతిలోంచి పుస్తకం గుంజుకునేది. మొగుడు బాయిలో ఉండగా ఆడవాళ్లు ఏ కథ తట్టుకోగలరో, ఇంట్లో గురక పెడుతూ ఉండగా ఏది తట్టుకోగలరో ఆమెకు తెలుసు. గనిని మేము బాయి అనే అంటాం.

ఇన్ని రకాల కథలిచ్చినా అన్నింటిలోనూ ఒకే వాసన ఉండేది. ఎవరో పోయి ఉంటారు, ఇంకెవరో తలుపు వైపు చూస్తూ ఉంటారు. ఒక మధ్యాహ్నం ఆమె చీర అంచు విప్పుతూ ఉంటే ఆ మాటే అన్నాను. నీ పుస్తకాలన్నీ ఒక్క తల్లి పిల్లలే అక్కా అని వేళాకోళం చేశాను. ఆమె నవ్వి, సూది గుడ్డకు గుచ్చి పక్కన పెట్టి, అప్పుడు చెప్పింది.

భర్త బతికి ఉండగా, వేరే ఊళ్లో, ఆమె ఒక సీరియల్ చదివేది. పడవ మునిగి భర్త పోయాడని కబురొచ్చిన ఒకావిడ కథ. శవం దొరికినా ఆనవాలు పట్టేటట్టు లేదు. ఆమె మేడమీద ఒంటరిగా ఉంటుంది. రోజూ సాయంత్రం మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపిస్తుంది. తలుపు దాకా వచ్చి ఆగిపోతుంది. ఆమె చివరికి గడియ మీద చెయ్యి వేస్తుంది. వచ్చేవారం ముగింపు అని రాసి ఉంది. అక్క అంతవరకు చదివిన వారంలోనే ఆమె భర్త పనిచేసే బాయిలో పైకప్పు కూలింది. పెట్టె మూసి తెచ్చారు. ముఖం చూపించలేదు, చూపించే తీరుగా లేదన్నారు. బాయి దిగేవాళ్లు వెంట తీసుకుపోయే నంబరు బిళ్ల ఒకటి ఆమె చేతిలో పెట్టారు. ఆ గొడవలో తర్వాతి వారం పత్రిక ఏమైందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

"బిళ్ల ఆయనదే. కాదనను. పెట్టెల ఉన్నది ఆయనేనా అని ఎవల్ని అడగాలె? మొఖం చూస్తే ఏడ్చి ఊకుందును చెల్లె. చూడలే. గందుకే ఇంకా చూస్తున్న."

అప్పటినుంచి ఆమె అలాంటి కథలు ఏరడం మొదలుపెట్టింది. ఏదో ఒకదాంట్లోనైనా ఆ తలుపు తెరుస్తారు కదా అని ఆశ. మా అందరికీ ఆమె వెతికి ఇచ్చిన పుస్తకాలు, మా మనసు తెలుసుకుని ఇచ్చినవి, ఆ ఒక్క కథ కోసం వెతుకుతుంటే దారిలో దొరికినవే. అది విన్నాక ఆమె ఇచ్చిన పుస్తకం ఏది తెరిచినా మెట్ల మీద ఎవరో ఉన్నట్టే ఉండేది.

మధ్యాహ్నం సైరన్ మోగి ఫస్టు షిఫ్టు విడిచేవేళకు ఆమె మిషను ఆపేది. వాకిట్లో గోడ మీద నీళ్ల కుండ, చెంబు పెట్టి నిలబడేది. ఇప్పటిలాగే అప్పుడూ మగవాళ్లంతా ఇంటికి వచ్చే స్నానం చేసేవారు. తల నుంచి కాళ్ల దాకా బొగ్గు, కళ్లు మాత్రమే తెల్లగా కనబడేవి. నా భర్తను నేనే గొంతు విని గాని పోల్చుకునేదాన్ని కాదు. దాహమైనవాళ్లు ఆగి తాగిపోయేవారు. అక్క నీళ్లు పోస్తూ ఒక్కొక్కరి ముఖంలోకి చూసేది. చుట్టుపక్కల ఊళ్లలోని బాయిల నుంచి మనుషులు ఇక్కడికి బదిలీ అయి వస్తున్న కాలం అది. ఇంతమంది వస్తున్నప్పుడు ఆయన మాత్రం రాడని ఏముందని ఆమె లెక్క.

ఒకరోజు మా ఆయన ఇంటికి వచ్చి స్నానాల బండ మీద కూర్చుని నీళ్లు పోసుకోకుండా అట్లాగే ఉండిపోయాడు. ఏమైందంటే చెప్పాడు. అక్క చెంబు చేతికిచ్చి, చాలాసేపు చూసి, "ఇన్ని దినాలు ఏడున్నవ్?" అని అడిగిందట. కోపంగా కాదట, ఇంట్లో మనిషిని అడిగినట్టు అడిగిందట.

"నువ్వేమన్నవ్?"

"డ్యూటీల ఉన్న అన్న. మరేమనాలె? కాదంటే ఆ మనిషి ఏమైతదో."

మా ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు ఆ మాట అన్నందుకు ఆయన మీద నాకు కలిగిన ప్రేమ ఇప్పటికీ తగ్గలేదు. మర్నాడు అక్క ముఖం ఎలా చూడాలా అనుకుంటూ పోయాను. ఆమె జాకెట్టుకు కాజాలు కుడుతూ తల ఎత్తకుండానే, "మీ ఆయన అబద్ధం మంచిగ ఆడుతడు" అంది. ఇద్దరం నవ్వాము. నవ్వుతూనే ఆమె వాకిలి వైపు చూసింది. ఈమె ఇలాగే చూస్తూ పోతే ఒకనాడు పిచ్చిదైపోతుందని నాకు భయం పట్టుకుంది. ఆ ముగింపు చదివితే మనసు కుదుటపడుతుందేమో అనిపించింది.

కరీంనగర్ పోయినప్పుడు మా మేనత్త అట్టపెట్టెలన్నీ దించి వెతికాను. ఇల్లంతా దుమ్ము చేశానని అత్త తిట్టింది. ఆ సీరియల్ దొరికింది, ముగింపుతో సహా. నా బతిమాలుడు పడలేక అత్త ఆ చివరి భాగం వరకు ఊడదీసి ఇచ్చింది. తిరిగి వస్తూ బస్సులో చదివాను. తలుపు తెరిస్తే అవతల ఉన్నది భర్త కాదు. ఇంటి మీద కన్నేసిన మేనబావ, పోయినవాడి చెప్పులు తొడుక్కుని రోజూ భయపెడుతున్నాడు. పోలీసులొస్తారు, వాణ్ణి పట్టుకుపోతారు, కథ కంచికి. ఆ రాసినవాడు ఎదురుపడితే నాలుగు దులిపేద్దామన్నంత కోపమొచ్చింది. ఒక మనిషి ఇన్నేళ్లు మోసినదాన్ని ఇంత చౌకగా తేల్చేశాడు.

ఇవ్వాలా వద్దా అని కొన్నాళ్లు ఆ కాగితాలు బియ్యం డబ్బాలో దాచాను. వద్దని మా ఆయన అన్నాడు. కానీ అది ఆమె కథ, ఆమె వెతుకుతున్న కథ. నా దగ్గర దాచుకోవడానికి నేనెవరిని అనిపించింది. ఒక పొద్దున తీసుకుపోయి మిషను మీద పెట్టాను. పైనున్న బొమ్మ చూసి ఆమె పోల్చుకుంది. కాగితం మీద చెయ్యి పెట్టి, తిప్పలేదు.

"చదివినవా?"

చదివానన్నాను. మా అందరినీ ఇల్లు ఎట్ల కనబడ్డదని అడిగే మనిషి నన్ను ఆ మాట అడగలేదు. నా ముఖం కనబడకుండా కిటికీ వైపు తిరిగింది.

"చెప్పకు చెల్లె. తలుపు తెరిస్తే ఎవడో ఒక్కడే ఉంటడు. తెరవకపోతే ఆయన రోజూ వస్తడు."

నేను అక్కడ ఉండగానే ఆమె ఆ చివరి భాగాన్ని, ఇన్నేళ్లూ దాచుకున్న పాత భాగాల వెనక పెట్టి కుట్టింది. తర్వాత నల్లదారం ఎక్కించి, ఆ చివరి పేజీల అంచులు మూడు వైపులా దగ్గర దగ్గరగా కుట్టేసింది, రవికె చంకల్లో వేసే గట్టికుట్టు. దారం పంటితో కొరికి, పుస్తకం అలమారలో పెట్టి, మధ్యాహ్నానికి కుండలో నీళ్లు నింపడానికి లేచింది. నాకు మొదట ఉక్రోషం వచ్చింది. ఆ తర్వాత, వాన పడుతున్నా, ఎండలో గోడలు కాలుతున్నా ఆమె వాకిట్లో నిలబడటం చూసి, ఈ మనిషికి ఇది లేకపోతే ఏముంటుందనుకున్నాను. ఈ ఏడాది వాళ్లన్నకు మందమర్రి బదిలీ అయి పోయేటప్పుడు కూడా కుండ గోడ మీద బోర్లించి, ఎవరన్నా అడిగితే మందమర్రిల ఉన్నదని చెప్పమంది. ఎవరన్నా అంటే ఎవరో నేను అడగలేదు.

సంచిలో ఆ పుస్తకమే ఉంది. నల్లకుట్టు ఒక్కచోట కూడా తెగలేదు. లోపల ఏముందో నాకు తెలుసు. అయినా కత్తెర తీసుకుని దగ్గర కూర్చున్నాను, మళ్లీ లేచి కత్తెర పెట్టేశాను. ఆమె పోయిందని వాళ్లన్న చెప్పాడు. నేను ముఖం చూడలేదు. అప్పటినుంచి పక్కింట్లో మిషను తొక్కిన చప్పుడు వినిపిస్తోంది. పోయి చూస్తే వెనక లైనులో ఎవరిదో. వెనక లైనులో ఎవరిదోనని తెలిసి కూడా మళ్లీ పోతున్నాను.

నిన్న ఫస్టు షిఫ్టు విడిచాక ఒకాయన ఆమె తలుపు ముందు నిలబడి ఉండటం కిటికీలోంచి చూశాను. ఒళ్లంతా బొగ్గు, ఎవరో తెలియలేదు. బోర్లించిన కుండ వైపు చూసి, తలుపు వైపు చూశాడు. దాహానికి ఆగిన మనిషే అనుకుని చెంబుతో నీళ్లు తీసుకుని పరుగున పోయాను. నేను పోయేసరికి ఆయన లేడు. లైను పొడుగునా అలాంటి నల్లటి వీపులే పోతున్నాయి, అందులో ఏది ఆయనదో నాకు తెలియలేదు. తాళం మీద బొగ్గు వేలిముద్ర తడితడిగా ఉంది. దాన్ని తుడవలేదు. చెంబు అక్కడే గడప మీద పెట్టి వచ్చాను.