బొమ్మ పంపని లాప్‌టాప్

మంచం మీది నుంచి జారిపడ్డాక నా లాప్‌టాప్ తెర నల్లబడిపోయింది. లోపల పనిచేస్తున్న చప్పుడు వస్తోంది, ఏమీ కనబడదు. అందులో నేను అనువదించిన పది పేజీలున్నాయి. ఒక పుస్తకాల సంస్థ నమూనాగా అడిగినవి. ఆ సాయంత్రం ఐదింటిలోగా పంపాలి. ఇంకెక్కడా కాపీ లేదు. ఇంట్లో ఎవరికీ చెప్పనూ లేదు.

టీవీకి కలిపితే బొమ్మ వస్తుందని చదివాను. నా లాప్‌టాప్‌కు టీవీ వైరు పట్టదు, మధ్యలో రెంటినీ కలిపే హబ్బు కావాలి. సిద్దిపేట పాత బస్టాండు దగ్గరి కంప్యూటర్ దుకాణంలో అంతమంది మగవాళ్ల మధ్య నోరు పెగల్లేదు. కిరాణాకు రాసినట్టే చీటీ రాసిచ్చాను: ‘టైప్-సి హబ్బు ఒకటి, టీవీ వైరు పెట్టేది.’ దుకాణం అన్న చదివి హబ్బు తీసిచ్చాడు.

ఇంట్లో తగిలించాను. హబ్బుకు పెట్టిన మౌస్ అడుగున ఎర్రగా వెలిగింది. టీవీలో మాత్రం సిగ్నల్ లేదని వచ్చింది. వైరు పీకి ఊది మళ్లీ పెట్టాను, ఎన్నిసార్లో.

“సీరియల్ టైముకన్న ఇడిచిపెడ్తవా టీవీని?” అంది అమ్మ.

మూడున్నరకు లాప్‌టాప్ పట్టుకుని మళ్లీ దుకాణం మెట్లెక్కాను. “హబ్బు... పాడైంది.”

అన్న అదే హబ్బును తన లాప్‌టాప్‌కు పెట్టాడు. పక్కనున్న పెద్ద మానిటర్‌లో బొమ్మ టక్కున వచ్చింది.

“హబ్బు మంచిగనే ఉన్నది చెల్లె. నీ లాప్‌టాప్‌ల టైప్-సి ఫైళ్లే పంపుతది, బొమ్మ పంపదు. అది ఇయ్యంది హబ్బు యాడికెళ్లి తెస్తది?”

“రెండు లాప్‌టాప్‌ల రంధ్రాలు ఒక్కతీరుగనే ఉన్నయి గదా...”

“సూడనీకె ఒక్కటే. నోరు తెరిచి అడిగుంటే, లాప్‌టాప్ ఏదని అడుగుతుంటి. నువ్వు ఉప్పు పప్పు లెక్క చీటీ ఇస్తివి!”

పక్కవాళ్లు నవ్వారు.

“కొత్త తెరకు రెండు రోజులు పడ్తది. లేదంటే లోపలి డిస్క్ తీసి నా దాంట్ల పెడ్త. ఏ ఫైలో చెప్పు, నేనే తీసిస్త.”

ఆ డిస్క్‌లోనే నా ఆరేళ్ల డైరీ ఉంది. ఫైళ్ల పేర్లు చాలు నన్ను బయటపెట్టడానికి: ‘అమ్మ మీద కోపం’, ‘నేను పిరికిదాన్ని’. అంత పెద్ద మానిటర్ మీద, అంతమంది ముందు!

“వద్దన్నా” అని లాప్‌టాప్ చంకన పెట్టుకుని మెట్లు దిగాను.

కింద కాళ్లు ఆగిపోయాయి. నాలుగుంపావు. ఇంటికిపోతే ఆ పేజీలు ఎవరూ చదవరు. నేను రాస్తానన్న సంగతీ ఎవరికీ తెలియదు, ఎప్పటికీ. అక్కడే నిలబడి కాసేపు ఏడ్చాను. ముఖం తుడుచుకుని పైకెక్కాను.

“తియ్యి అన్నా. కానీ తెర నా దిక్కు తిప్పు. ఫైలు నేనే తీసుకుంట.”

నవ్వినవాళ్లు తలెత్తి చూశారు. అన్న స్క్రూలు విప్పాడు, మానిటర్ గోడవైపు తిప్పి, గోడకూ దానికీ మధ్య నాకు స్టూలు వేశాడు. పేర్లన్నీ వరుసగా వచ్చాయి. ఆయన చూశాడో లేదో నాకు తెలియదు. పది పేజీలు సంస్థకు మెయిల్‌లో వెళ్లేసరికి ఐదుకు ఇంకా రెండు నిమిషాలున్నాయి.

“అయిపోయిందా చెల్లె? ఇంకేమన్న ఉన్నదా?”

“ఉన్నదన్నా,” అన్నాను, ఆరేళ్ల డైరీని కూడా కాపీకి పెడుతూ. “జర లేటయితది.”