చేతులు లేని మండలి

ఈ ఉదయం డాబా మీద నా భార్య శకుంతల సంచిలోని కుంకుడుకాయలను స్టీలు పళ్లెంలోకి ఒంపింది. అవి గలగలా దొర్లి, పళ్లెం అంచుకు కొట్టుకుని, ఒకటొకటిగా ఆగాయి. చాయ్ గ్లాసుతో మెట్లెక్కుతున్న నేను అక్కడే నిలబడిపోయాను. ఆ చప్పుడు ఆగగానే ఒక గొంతు వినిపించాలి: "ఆఁ, చెప్పుండ్రి. మీరు ఏం చేస్తరు?" ఒకప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు మా పై వాటాలోంచి ఆ చప్పుడూ ఆ ప్రశ్నా ఒకదాని వెంట ఒకటి వచ్చేవి. ఇప్పుడు అక్కడ వేరే కుటుంబం ఉంటోంది. మంచివాళ్లు, చప్పుడు చేయరు. రాని గొంతు కోసం కాసేపు చెవి పెట్టి, చాయ్ చల్లారాక పైకి వెళ్లాను.

ఆ గొంతు సుజాతది. రఘునాథపల్లి దగ్గర పత్తి, మక్కజొన్న పండించే ఇంటి బిడ్డ. మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం దొరికాక మా ఇంట్లో కిరాయికి దిగింది. మొదటి రోజు "అంకుల్" అని పిలిచి, నా ముఖం చూసి, "పెద్దనాయినా అంటె నడుస్తదా?" అని తానే మార్చుకుంది. వయసులో మా బిడ్డ కంటే చిన్నది. అయినా నన్ను దిద్దినవాళ్ల పేర్లు చెప్పమంటే, చిన్నప్పటి పంతుళ్ల తర్వాత ఆమె పేరే చెబుతాను. దిద్దడానికి ఆమె వాడిన పరికరం వింటే మాత్రం ఎవరైనా నవ్వుతారు. అది ఒక దుర్మార్గపు మంత్రగాళ్ల రహస్య సంఘం.

ఆదివారాలు ఆమె దగ్గరికి ముగ్గురు స్నేహితులు వచ్చేవాళ్లు. ఒకసారి శకుంతల చేసిన మిరపకాయ బజ్జీలు ఇవ్వడానికి పైకి వెళ్తే, నవీన్ అనే కుర్రాడు నింపాదిగా, "ముందుగాల కావలోన్ని చంపుదాం, రాజు సంగతి తర్వాత చూద్దాం" అంటున్నాడు. పళ్లెం చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను. సుజాత పడీ పడీ నవ్వి, నన్ను కూర్చోబెట్టి చెప్పింది. అదొక ఆట. బోర్డు లేదు, పేకముక్కలు లేవు. ఒకరు ఒక లోకాన్ని కల్పించి చెబుతారు. ఆ పని సుజాతది. మిగతావాళ్లు ఒక్కొక్కరు ఆ లోకంలో ఒక మనిషి అవుతారు. ఎదురైన ప్రతి చిక్కులోనూ సుజాత "మీరు ఏం చేస్తరు?" అని అడుగుతుంది. వాళ్లు నోటితో చెప్పిందే జరుగుతుంది. అవుతుందో కాదో అనుమానం ఉన్నచోట ఇరవై ముఖాల పాచిక ఒకటి స్టీలు పళ్లెంలో వేస్తారు. ఒకసారి నోరు జారాక వెనక్కి తీసుకోవడం లేదు.

"మరి చిక్కేంది?" అన్నాను, ఆమె ముఖం కొంచెం వాడినట్టు కనిపించి.

"నా మంత్రగాళ్లే పెద్దనాయినా! నీడ మండలి అని పెట్టిన. లోకమంతా వాళ్లకు భయపడాలె. వీళ్లేమో పగలబడి నవ్వుతాన్లు."

"నవ్వకపోతె?" అని నవీన్ దుప్పటి కప్పుకుని, గొంతు బొంగురు చేసి, "హహ్హహ్హా! లోకాన్ని బూడిద చేస్త!" అన్నాడు. పక్కన రేష్మ బజ్జీ నమిలి మింగలేక దగ్గింది.

సుజాత నా వైపు తిరిగింది. "మీరు మార్కెట్ కమిటీల మీటింగులు నడిపిచ్చిండ్రు కద. దుర్మార్గులు ఒక్కకాడ కూడితె ఏం మాట్లాడుకుంటరు?"

కేసముద్రం మార్కెట్ యార్డులో నా ఉద్యోగమంతా మీటింగుల మధ్యే గడిచింది. ఎజెండా తయారుచేయడం, హాజరు తీసుకోవడం, తీర్మానం రాయడం నా పని. "దుర్మార్గులు నాకు తెల్వదమ్మా, మీటింగులైతే తెలుసు" అన్నాను.

"గదే కావాలె" అంది. అలా నేను నీడ మండలికి అధ్యక్షుణ్ణి అయ్యాను. నా పేరు భస్మకేతు. కిందికి వచ్చి చెబితే శకుంతల, "కాలనీకి సెక్రటరీ అయింది చాలలేదా, ఇప్పుడు మంత్రగాళ్లకు గూడానా?" అంది.

తర్వాతి ఆదివారం నేను దుప్పటి కప్పుకోలేదు, గొంతు మార్చలేదు. కథలో మారువేషాలతో మండలి గదిలోకి వచ్చిన ఆ ముగ్గురినీ మామూలుగా కూర్చోమన్నాను. మంచినీళ్లు కావాలా అని అడిగాను. గత సమావేశం వివరాలు చదివాను. ఒక సభ్యుడి తల్లి కాలం చేసినందుకు సంతాపం తెలిపాను. చివరి అంశం తేనెమడుగు అనే ఊరి బావి. మండలి కోటకు నీళ్లు చాలడం లేదు కాబట్టి ఆ ఊరి బావి ఊటను ఇటు మళ్లించడం. ఊరివాళ్ల పట్ల మండలికి ఎటువంటి ద్వేషమూ లేదని కూడా చేర్చాను. అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పవచ్చన్నాను. నేను అడిగిన తీరుకు ఆ ముగ్గురూ తలలూపేశారు.

నవీన్ నెమ్మదిగా, "ఇది నిజంగ భయమైతాంది అంకుల్. ఆ మంత్రగాళ్లు హహ్హహ్హా అని ఒర్రుతాంటెనే నయముండె" అన్నాడు.

నాకు లోపల కొంచెం గర్వంగానే అనిపించింది. అప్పుడు సుజాత అందరినీ అడిగినట్టే నన్నూ అడిగింది. "పెద్దనాయినా, మీరు ఏం చేస్తరు?"

"మండలి బావిని ఎండబెడుతుంది" అన్నాను.

"మండలికి చేతుల్లేవు పెద్దనాయినా. మంత్రం వేసేది ఎవరి చెయ్యి?"

ఆమె దబాయించలేదు. అందరితో మాట్లాడినట్టే మాట్లాడింది. ఆ బల్ల దగ్గర నియమం అంతే: ఎవరో ఒకరు నోరు తెరిచి "నేను చేస్తాను" అంటేనే ఏదైనా జరుగుతుంది. నేను కింద శిష్యులున్నారన్నాను. "అయితె శిష్యుని పేరు చెప్పుండ్రి. ఆయనను పిలిచి చెప్పేది మీరేనా?" అంది. తప్పించుకోవడానికి నాకు తెలిసిన దారులన్నీ ఆ అమ్మాయి ఒక్కొక్కటిగా, ఏమాత్రం కోపం లేకుండా మూసింది. చివరికి, "నేనే. బావి దగ్గరికి నేనే వెళ్తాను. మంత్రం నేనే వేస్తాను" అన్నాను. పాచిక పళ్లెంలో దొర్లింది. బావి ఎండిపోయింది. లేని ఊరు, లేని బావి. అయినా ఆ సాయంత్రం గ్లాసుతో నీళ్లు ముంచుకుని, తాగకుండానే పక్కన పెట్టాను.

సుజాతలో నాకు నచ్చిన గుణం అదే. ఆమెకు నీతులు చెప్పడం రాదు. ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చి, మెట్ల మీద చెప్పులు విప్పుతూ శకుంతలతో టమాటల ధర గురించి వాదించే మనిషి. ఊళ్లో వాళ్ల నాయిన ఫోన్ చేసి పెళ్లి మాటెత్తితే, "నెట్‌వర్క్ వస్తలేదు బాపూ" అని సిగ్నల్ నిండుగా ఉన్నచోటే నిలబడి అరిచేది. కానీ ఆ బల్ల దగ్గర కూర్చుంటే ఎదుటివాళ్ల మాటకు అంత విలువ ఇచ్చేవాళ్లను నేను మళ్లీ చూడలేదు. మనం అన్న మాటను ఆమె నమ్మేది. నమ్మి, దాని వల్ల ఏం జరిగిందో చూపించేది.

ఆ రోజుల్లోనే కాలనీలో సరోజన ఇస్త్రీ బండి మాట లేచింది. మా సందు మూల మీద, ప్లాట్లు సగం ఖాళీగా ఉన్నప్పటి నుంచి ఆమె బండి అక్కడే ఉంది. కొత్త ఇళ్లు వచ్చాయి, కార్లు వచ్చాయి. బొగ్గు పొగ వస్తోందనీ, కారు మలపడానికి అడ్డమనీ కమిటీ ముందుకు ఫిర్యాదు వచ్చింది. బండి తీసేయాలని తీర్మానం రాసి పెట్టమని కాలనీ ప్రెసిడెంటు గారు సెక్రటరీనైన నాకు చెప్పారు. మీటింగుకు ముందురోజు బట్టలు తీసుకోవడానికి వెళ్తే సరోజన ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"సారూ, నన్ను లేపుతరంట గద?"

నేను చొక్కాలు లెక్కపెడుతున్నట్టు చూశాను.

"ఈడనే అందరు నాకు తెలిసినోళ్లు. కొత్త జాగల బండి పెడితె బట్టలెవరిస్తరు సారూ? మా ఆయనకు నడుము వంగక ఇంట్లనే ఉంటాండు. పిల్ల కాలేజీల ఉన్నది. పొగొద్దంటె కరెంటు పెట్టె కొంట, జర టైమియ్యమను. మీరొక్క మాట చెప్పుండ్రి."

"కమిటీ నిర్ణయం సరోజనా. నా చేతుల్లో ఏముంటది?" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి బయటికి వచ్చి, బండి మీద మడత పెట్టిన బట్టల పైన నిలబడ్డట్టు అనిపించింది. మండలికి చేతుల్లేవు అని ఎవరో పక్కనే అన్నట్టయింది. చొక్కాలు తీసుకుని ఇంటికి వచ్చాను.

సాయంత్రం సుజాత స్కూటీ ఆపుతుంటే సంగతి చెప్పాను. ఏదో ఒక దారి చెబుతుందనుకున్నాను. ఆమె హెల్మెట్ తీసి సీటు మీద పెట్టింది. "నేను కిరాయిదాన్ని పెద్దనాయినా, నాకు మీటింగుల కుర్చీ లేదు. ఉంటె ఏం చేస్తుంటినో నాకు గూడ తెల్వది. నా బట్టలు ఆమెకే ఇస్త, అంతవరకు తెలుసు." రెండు మెట్లు ఎక్కి వెనక్కి తిరిగింది. "మీరు ఏం చేస్తరు?" ఆటలో అడిగినట్టు కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

మర్నాడు మీటింగులో ఆ అంశం చివరన వచ్చింది. అందరికీ సమ్మతమేనా అని ప్రెసిడెంటు గారు అడిగారు. తలలు ఊగాయి. నేను పెన్ను మూత పెట్టి, "ఆమెకు పోయి చెప్పేదెవరు?" అన్నాను.

"చెప్పేదేముంది సెక్రటరీ సాబ్? కమిటీ చెప్తది."

"కమిటీ నడిచి పోదు కద. ఎవరో ఒకరు ఆ మూల మీదికి పోయి, ఆమె ముంగట నిలబడి, బండి తియ్యి అనాలె. ఎవరో చెప్పండి, పేరు రాసుకుంటాను."

ఒకాయన తన కారు మలపడానికి అడ్డమని ఫిర్యాదు చేసినవాడే. ఆయన ఫోన్ చూసుకున్నాడు. ఇంకొకాయన, మా ఇంట్లోవాళ్లు ఆమెకే బట్టలిస్తారు, బాగుండదన్నాడు. నేను గెలిచాననుకున్నాను. అప్పుడు ప్రెసిడెంటు గారు నవ్వుతూ, "ఎవరెందుకు? సెక్రటరీ మీరు. మీరే చెప్పాలె. అది మీ డ్యూటీ" అన్నారు. అందరి ముఖాలూ ఒక్కసారి తేలికపడ్డాయి. మండలికి చేతులు దొరికాయి. అవి నావే.

ఉద్యోగంలో గానీ కాలనీలో గానీ అప్పగించిన పని కాదన్న అలవాటు నాకు లేదు. అయినా మూత పెట్టిన పెన్నును జేబులో పెట్టుకున్నాను. "నేను చెప్పను" అన్నాను. "రాయను కూడా. ఆమె కరెంటు పెట్టె కొనుక్కుంటానంటోంది. టైమిద్దాం."

"అంటే తీర్మానం ఏం చేయాలె?"

"ఎవరైనా నేను పోతానంటే ఆ పేరుతో రాస్తాను."

ఎవరూ పోతామనలేదు. అంశం వాయిదా పడింది. తర్వాతి మీటింగులోనూ వాయిదా పడింది. ఆ తర్వాతి ఎన్నికలో నా బదులు వేరొకరిని సెక్రటరీగా ఎన్నుకున్నారు. ప్రెసిడెంటు గారు నాతో కొన్నాళ్లు ముక్తసరిగా మాట్లాడారు. సరోజన కరెంటు పెట్టె కొంది, సందు చివరింటివాళ్లు వైరు ఇచ్చారు. కారు మలపడం మాత్రం ఇప్పటికీ కష్టమే, అబద్ధం చెప్పడమెందుకు. ఫిర్యాదులో ఆ సగం నిజమే.

ఆ మొదటి మీటింగు తర్వాతి ఆదివారం పైకి వెళ్లినప్పుడు నా మనసు మెత్తగా ఉంది. కథలో ఆ ముగ్గురూ కత్తులు దూసి మండలి కోటలోకి వచ్చారు. భస్మకేతు తప్పు తెలుసుకుని బావిని తిరిగి ఇచ్చేస్తాడు అని చెప్పబోయాను. సుజాత నన్ను వంటింట్లోకి పిలిచింది.

"పెద్దనాయినా, మీ మంచితనం కిందింట్ల వాడుకోండి. వీళ్లు నెలల సంది ఈ రోజు కోసం ఎదురుచూస్తాన్లు. మీరే దయ చూపిస్తె వాళ్లకేం మిగుల్తది? ఆ ఊరికి నీళ్లు వాళ్లు తేవాలె."

అది నాకు ఆమె నేర్పిన రెండో పాఠం. మొదటిదానికంటే చిన్నదేమీ కాదు. నేను బయటికి వచ్చి శక్తికొద్దీ దుర్మార్గంగా పోరాడాను. రేష్మ పాచిక పళ్లెంలో దొర్లి ఇరవై మీద ఆగింది. భస్మకేతు కూలిపోయాడు, తేనెమడుగు బావిలో నీళ్లు పడ్డాయి. నవీన్ కుర్చీ ఎక్కి ఈల వేశాడు. బజ్జీలు తెచ్చిన శకుంతల విషయం అడిగి తెలుసుకుని, "పీడ పోయింది" అని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

కొంతకాలానికి సుజాతకు పుణెలో వేరే ఉద్యోగం వచ్చింది. సామాను ఎక్కించిన రోజు కిందికి వచ్చి, ఆ ఇరవై ముఖాల నల్ల పాచికను నా అరచేతిలో పెట్టింది. "భస్మకేతు ఆస్తి" అంది. వెళ్లిరమ్మన్నాను. అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. అక్కడ కూడా నలుగురిని పోగేసిందట. వాళ్ల మంత్రగాళ్లకు ఎజెండా ఉంటుందట.

నేను చదువుకునే రోజుల నుంచి డైరీ రాస్తున్నాను. పాతవి తిరగేస్తే పుటలన్నీ జరిగినవాటితో నిండి ఉంటాయి. తీర్మానం అయింది, మీటింగు ముగిసింది, బిల్లు కట్టబడింది. ఎవరు చేశారో వెతికితే దొరకరు. ఇప్పుడు రాసేటప్పుడు సుజాత ఎదురుగా కూర్చుని ఉంటుంది. ఎవరి చెయ్యి పెద్దనాయినా అని అడుగుతుంది. జవాబు చెప్పేదాకా పుట తిప్పనివ్వదు.

ఈ రోజు పుట ఇలా రాశాను: శకుంతల కుంకుడుకాయలు ఎండబోసింది. ఇస్త్రీ బట్టలు సరోజన తెచ్చి ఇచ్చింది. చాయ్ నేను చల్లార్చాను.