ఆర్విన్ అన్న తర్వాత

శనివారం తెల్లవారుజామున తను చెప్పే బైబిలు చదువుకి వచ్చే పిల్లలకోసం నెనీటా అల్లం వేసి గంజి కాస్తుంది. బాగియో కొండమీద వేసవి శిబిరం నుంచి దిగినప్పటి నుంచి వాళ్ల నోట ఒకటే పేరు, అక్కడ ప్రార్థనలు నడిపిన ఆర్విన్‌ది.

"ఆర్విన్ అన్న గిటారు వాయిస్తూ ప్రార్థన చేయిస్తాడక్కా! మీరు నిద్రపుచ్చుతారు."

"అయితే గంజి కూడా ఆయన్నే కాయమనండి," అని నవ్వేది నెనీటా. గరిటె మాత్రం గిన్నెకేసి కొట్టేది.

వానలు పట్టేసరికి పిల్లలు ఒక్కొక్కరే జారిపోయి, లివాయ్ ఒక్కతే మిగిలింది.

"ఆర్విన్ అన్న మాకోసం రోజూ ప్రార్థిస్తానన్నాడక్కా. ఇప్పుడు మెసేజీకి జవాబే లేదు. అదంతా ఉత్తదేనా?"

నెనీటా ఎదురుచూసిన రోజే అది. "నేను చెప్పలేదూ" అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆ మాట అనేస్తే, ఈ పిల్ల కూడా వచ్చే శనివారం నుంచి రాదు.

"చేస్తూనే ఉంటాడు లేవే. రా, మనమూ ఆయనకోసం చేద్దాం."

ఆమె ప్రార్థనలో ఆర్విన్ పేరు రావడం అదే మొదలు. పంటిబిగువున వచ్చింది గానీ, వచ్చింది.